అనంతగిరి దాకా సైకిల్ మీద

హైదరాబాద్ నుంచి వికారాబాద్ పక్కనున్న అనంతగిరి కొండల దాకా చేవెళ్ల రోడ్డు మీద సైకిల్ తొక్కాలంటే తెల్లారకముందే బయల్దేరాలి. పొద్దెక్కితే టిప్పర్లు మన మోచెయ్యి రాసుకుంటూ పోతాయి. మొయినాబాద్ దాటాక మర్రిచెట్లు మొదలు. రోడ్డు వెడల్పు చేస్తామంటే వీటి కోసం జనం పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్ దాకా ఎందుకెళ్లారో, ఎండలో ఓసారి ఈ నీడన తొక్కితే తెలుస్తుంది.

మన్నెగూడ దగ్గర హైవే వదిలి వికారాబాద్ వైపు తిరిగాక అసలు మజా. రోడ్డు జర్రున దిగుతుంది, ఆ ఊపులోనే ఎదురు మిట్ట సగం ఎక్కేస్తాం. మిగతా సగానికి గేర్లు దించుకుంటూ ఆయాసపడాల్సిందే. ఓ పక్క ఎర్రమట్టి, ఇంకో పక్క కంది, పత్తి.

ఓ మిట్ట మీద ఆగి నీళ్లు తాగుతుంటే, బంతిపూలు గంపకెత్తుతున్న పెద్దమ్మ అడిగింది: "ఏం బిడ్డా, బండి లేదా?"

"ఉంది పెద్దమ్మా, పొట్ట తగ్గాలని తొక్కుతున్న."

"అట్లయితే మా చేన్ల కలుపు తియ్యి. జల్ది తగ్గుతది!"

జవాబు లేదు నా దగ్గర.

అనంతగిరి ఘాట్ పొడవు తక్కువే గానీ అప్పటికే కాళ్లు జావ. సిటీలో ముక్కు మూసుకుని దాటే మూసీ పుట్టింది ఈ కొండల్లోనే అంటే నమ్మబుద్ధి కాదు, గాలి అంత శుభ్రం.

వెళ్లేవాళ్లు స్పేర్ ట్యూబు, రెండు సీసాల నీళ్లు పెట్టుకోండి. కోతలప్పుడు గింజలు రోడ్డు మీదే ఆరబోస్తారు, మలుపుల్లో బ్రేకు మీద చెయ్యి ఉంచండి.