కళింగపట్నంలో కడిగిన వల

ఆమదాలవలస స్టేషన్‌లో దిగగానే శ్రీకాకుళం కాంప్లెక్సుకు ఆటో అతను 300 రూపాయలు అడిగినప్పుడే నా ఆదివారం సగం చెడిపోయింది. బేరమాడి 200కు తగ్గించాను గాని, నాలుగడుగులు ముందుకు వేసి ఉంటే బస్సే దొరికేదని తర్వాత తెలిసి, ఆ ఉక్రోషాన్ని కళింగపట్నం బస్సులో కూడా మోసుకుని వెళ్లాను.

మిత్రుడు పిలిచిన చర్చి ఆరాధన గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. ప్రసంగీకుడు బైబిలులోని లూకా సువార్త 5వ అధ్యాయం తీసుకుని, యేసు మాట మీద జాలరులు వల వేస్తే రెండు దోనెలు చేపలతో నిండిన ఘట్టం దగ్గరే ముప్పావు గంట నిలిచిపోయారు. మా గుంటూరులోనూ ఈ వాక్యభాగం ఎక్కువగా ఆశీర్వాదాల ప్రసంగాలకే పనికివస్తుంది కనుక నాకేమీ కొత్తగా అనిపించలేదు.

మధ్యాహ్నం లైట్‌హౌస్ చూసి తీరానికి వెళ్లాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం గనుక బోట్లన్నీ ఇసుక మీదే ఉన్నాయి. ఒక బోటు నీడలో, ఉదయం చర్చిలో నా వెనుక చాపపై కూర్చున్న పెద్దాయన, కాలి బొటనవేలికి వల కొస తగిలించుకుని తెగిన కన్నులను ఒక్కొక్కటే ముడివేస్తున్నాడు. ప్రసంగం ఎలా ఉందని అడిగాను.

"పాస్టరుగారు సేపలు లెక్కెట్టినారు గానీ, వల కడిగిన సంగతి ఒగ్గేసినారు బాబూ" అన్నాడు.

ఆ తర్వాత ఆయన చెప్పినది నేను ఇన్నేళ్లలో ఏ ప్రసంగంలోనూ వినలేదు. యేసు కాలంలో నైలాను లేదు. నార దారంతో అల్లిన వల పగటి వెలుతురులో చేపకు కనిపించిపోతుంది గనుక ఆ జాలరులు రాత్రివేళ వేసి, తెల్లవారాక నాచూ మట్టీ పోయేలా కడిగి ఆరబెట్టేవారట. కడగడమంటే ఆ రోజుకు పని ముగిసినట్టే. రాత్రంతా నిద్రలేక, చేతికి ఒక్క చేపా చిక్కక, వలలు కడుగుతున్నవాళ్లను వడ్రంగి ఇంట పెరిగిన ఒకాయన వచ్చి, పట్టపగలు లోతుకు నడిపించి మళ్లీ వేయమన్నాడు. ఆ జాలరుల్లో ఒకడైన పేతురుకు చేపల సంగతి ఆయనకంటే బాగా తెలుసు. అయినా "నీ మాట చొప్పున వలలు వేతును" అన్నాడు.

"సేపలు పడకపోతే మల్లీ కడుక్కోవాలి గదా. అది తెలిసే యేసినాడు" అంటూ పెద్దాయన దారం పళ్లతో తెంపాడు. చివరికి పడిన చేపలన్నీ ఒడ్డున వదిలేసి వాళ్లు యేసు వెంట వెళ్లిపోయారని నేను గుర్తుచేస్తే, "మా ఇంటిదైతే ఎల్లనిచ్చీది కాదు" అని నవ్వాడు.

ఆయన కొడుకు గుజరాత్‌లోని వెరావల్ బోటు మీద పనికి వెళ్లాడు. తొమ్మిది రోజులుగా ఫోను లేదు. సముద్రంలో సిగ్నల్ ఉండదులెమ్మని నేను అన్నాను గాని, ఆ మాట ఆయనకు అవసరం ఉన్నట్టు కనిపించలేదు.

ఈ వయసులో మళ్లీ వేటకు వెళ్తారా, ఈ వల ఎవరి కోసమని అడిగాను.

"ఆడొస్తాడు గదా" అన్నాడు, తలెత్తకుండానే. "ఈ కొస కూసింత పట్టుకో బాబూ."