మైసూరులో మైసూరు బజ్జీ దొరకలేదు

మైసూరు అనగానే నాకు గుర్తొచ్చేవి మూడే. మైసూర్ పాక్, మైసూర్ శాండల్ సబ్బు, సాయంత్రం బండి మీద వేడివేడి మైసూరు బజ్జీ. న్యూజెర్సీలో ఉన్న మా అమ్మాయి లెక్క వేరు. "రోజూ ఆఫీసుకి ముందు మైసూర్‌కి వెళ్తున్నానమ్మా" అని పోయినేడాది ఫోన్లో అంటే దీనికేమైందా అని కంగారు పడ్డాను. తీరా అది యోగా క్లాసు. టీచర్ ముందు నిలబడి అందరిచేత ఒకేసారి చేయించరట, ఎవరి వరస వాళ్ళు చేసుకుపోతుంటే మధ్యలో తిరుగుతూ సరిచేస్తారట. దానికి అమెరికాలో పేరు 'మైసూర్ స్టైల్'.

"ఇంత దగ్గర్లో ఉండి నువ్వు ఒక్కసారి కూడా చూడలేదా?" అని దెప్పింది. అది ఉండే ఎడిసన్ ఊరి నుంచి చూస్తే హైదరాబాదూ మైసూరూ పక్కపక్క వీధులే మరి. ఆ దెప్పు పనిచేసింది. కాచిగూడలో సాయంత్రం రైలెక్కి మర్నాడు పొద్దున మైసూరులో దిగాం. మావారికి యోగా మీద ఆసక్తి సున్నా. అసలు మైసూరులో మైసూరు బజ్జీ ఎలా ఉంటుందో చూద్దామని వచ్చారు.

ముందు జగన్మోహన్ ప్యాలెస్‌కి వెళ్ళాం. 1861లో కట్టిన భవనం, ఇప్పుడు ఆర్ట్ గ్యాలరీ. రవివర్మ చిత్రాల ముందు, చేతిలో దీపం పట్టుకున్న ఆవిడ బొమ్మ ముందు జనం గుంపులుగా ఉన్నారు. నేను వెతుకుతున్నది వేరే. 1933లో ఈ ప్యాలెస్‌లోనే ఒక యోగశాల తెరిచారు. అది ఏ హాల్లో నడిచిందో తెలుసుకుందామని రెండు చుట్లు తిరిగాను. నాకైతే ఎక్కడా బోర్డు కనబడలేదు. గార్డుని అడిగితే "యోగానా? గోకులంగె హోగి మేడమ్" అని, అంటే యోగా శాలలుండే గోకులం పేటకి వెళ్ళమని, చెయ్యి ఊరవతలికి చూపించాడు.

ఆ శాల పెట్టించింది నాల్వడి కృష్ణరాజ ఒడెయరు, అంటే నాలుగో కృష్ణరాజు. నడిపింది తిరుమలై కృష్ణమాచార్య. 1888లో చిత్రదుర్గం జిల్లాలో పుట్టిన పండితుడు. శాస్త్రాలన్నీ చదువుకుని, కొన్నాళ్ళు హాసన్ వైపు కాఫీ తోటలో కూడా పనిచేశారు. ఆ రోజుల్లో యోగా అంటే సన్యాసులకీ గారడీవాళ్ళకీ సంబంధించిన వ్యవహారం అని చదువుకున్నవాళ్ళ అభిప్రాయం. అది పోగొట్టడానికి రాజుగారు ఈయన్నీ శిష్యుల్నీ ఊళ్ళు తిప్పి ప్రదర్శనలిప్పించారు. 1934లో 'యోగ మకరంద' అని కన్నడంలో పుస్తకం రాయించారు.

శాలలో ఎక్కువమంది కుర్రాళ్ళు, రాజుగారి బంధువర్గం పిల్లలు. ఈ సంగతి నాకు చాలా ముఖ్యమనిపించింది. ఒక ఆసనం నుంచి ఇంకో ఆసనంలోకి గెంతుతూ, ఊపిరి లెక్కపెడుతూ ఆపకుండా సాగిపోయే పద్ధతి అక్కడే గట్టిపడింది. పన్నెండేళ్ళ పిల్లాడిని కళ్ళు మూసుకుని గంటసేపు కూర్చోమంటే కూర్చుంటాడా? మా అపార్ట్‌మెంట్ యోగా సార్ మాత్రం ఇదంతా ఐదువేల ఏళ్ళ నాటిది అంటాడు. పతంజలి రాసిన దాదాపు రెండువందల సూత్రాల్లో ఆసనానికి దక్కినవి మూడే. అందులోనూ స్థిరంగా సుఖంగా కూర్చోమన్నాడు గానీ గెంతమనలేదు. మైసూరు రాజుల గ్రంథాలయంలో 'శ్రీతత్త్వనిధి' అని ఒక పెద్ద బొమ్మల గ్రంథం ఉంది. మూడో కృష్ణరాజు కాలంలో, పంతొమ్మిదో శతాబ్దంలో తయారైంది. అందులో 122 ఆసనాల బొమ్మలున్నాయి. తాడు పట్టుకుని చేసేవీ, మన పహిల్వాన్లు తీసే దండీలను పోలినవీ కూడా ఉన్నాయి. హఠయోగం, కుస్తీ వ్యాయామం, ఇంగ్లీషువాళ్ళ జిమ్నాస్టిక్స్ అన్నీ ఈ ప్యాలెస్‌లో కలిశాయని కొందరు పరిశోధకులు అంటారు. సంప్రదాయంవాళ్ళు ఒప్పుకోరు. 'యోగ కొరుంట' అనే పాత గ్రంథంలో ఇదంతా ఉందనీ, దాని తాళపత్రాలను చీమలు తినేశాయనీ చెబుతారు. ఆ చీమల మీద నాకు కొంచెం అనుమానం ఉంది. అయినా తొంభై ఏళ్ళ నాటిదైతే మాత్రం తప్పేముంది, మోకాలి నొప్పికి వయసుతో పనా?

గ్యాలరీ బయట మెట్ల మీద కూర్చుని మావారికి యోగా గురువు బి.కె.ఎస్. అయ్యంగార్ కథ చెప్పాను. కృష్ణమాచార్య బావమరిది. కోలారు వైపు బెళ్ళూరు అనే పల్లెటూరి పిల్లాడు, చిన్నప్పుడే మలేరియా, టైఫాయిడ్, క్షయ అన్నీ చూశాడు. 1934లో అక్కగారింటికి వచ్చాడు. బావగారు మహా కోపిష్టి. ఓ ప్రదర్శనలో పదిమంది ముందూ "హనుమానాసనం వెయ్యి" అన్నారట, కాళ్ళు రెండూ ముందుకీ వెనక్కీ నేలకు ఆనేలా చాపాలి. రాదని చెప్పే ధైర్యం లేక, చడ్డీ మరీ బిగుతుగా ఉందని సాకు చెప్పాడు. బావగారు కత్తెర తెప్పించి చడ్డీని పక్కల కత్తిరించేశారు. ఆసనం వేశాడు, తొడ వెనక కండరాలు చిరిగాయి. ఇది అయ్యంగార్ తర్వాత తానే చెప్పుకున్న సంగతి. మావారు నవ్వారు గానీ, నాకు నవ్వు రాలేదు.

ఆ కుర్రాడినే 1937లో పుణెకు పంపారు. 1952లో వయొలిన్ విద్వాంసుడు యెహుదీ మెనుహిన్ ఆయన్ని కలవడం, తనతో యూరప్ తీసుకెళ్ళడం, 1966లో 'లైట్ ఆన్ యోగా' అనే ఆయన పుస్తకం రావడం తర్వాతి సంగతులు. గోడలు, బెల్టులు, కుర్చీలు ఆసరాగా నేర్పే ఆయన పద్ధతి ఆ గాయాల్లోంచే పుట్టిందని నా ఊహ.

ఆ రోజుల్లోనే ఒక విదేశీ ఆవిడ వచ్చి కృష్ణమాచార్యని నేర్పమంది. రీగాలో పుట్టిన యూజీనీ పీటర్సన్. మన మదనపల్లె తత్త్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి ప్రసంగాలు విని ఇండియా మీద మనసు పడి, ఇక్కడ సినిమాలో వేషం వేసి, ఇంద్రాదేవి అని పేరు పెట్టుకుంది. ఆడవాళ్ళకూ విదేశీయులకూ నేర్పనని కృష్ణమాచార్య కాదన్నారు. రాజుగారు చెప్పాక తప్పలేదు. తిండి మీదా నిద్ర మీదా కఠినమైన నియమాలు పెట్టారు, విసిగి వెళ్ళిపోతుందనుకున్నారేమో. ఆవిడ కదల్లేదు. చివరికి వెళ్ళి నువ్వూ నేర్పు అని ఆయనే అన్నారు. 1939లో షాంఘైలో, 1947లో అమెరికా చేరాక హాలీవుడ్‌లో బడులు పెట్టింది. తర్వాత పుట్టపర్తి బాబా భక్తురాలైంది. బ్యూనస్ ఎయిర్స్‌లో 102 ఏళ్ళ వయసులో పోయింది. మా అమ్మాయిలాంటి వాళ్ళు చాపలు చుట్టుకుని క్లాసులకు వెళ్తున్నారంటే, వద్దన్నా వినని ఈవిడకే మొదటి దండం పెట్టాలి.

రాజుగారు 1940లో పోయారు. స్వాతంత్ర్యం తర్వాత శాలకు ఆదరణ తగ్గి 1950లో మూతపడింది. కృష్ణమాచార్య మద్రాసు వెళ్ళిపోయారు. మైసూరులో మిగిలింది పట్టాభి జోయిస్. పన్నెండేళ్ళప్పుడు హాసన్‌లో గురువుగారి ప్రదర్శన చూసి వెంటపడిన కుర్రాడు, తర్వాత సంస్కృత కళాశాలలో అధ్యాపకుడయ్యాడు. 1948లో లక్ష్మీపురంలో తన ఇంట్లోనే సంస్థ పెట్టారు. ఆ వీధికి వెళ్ళి ఇల్లు బయటినుంచి చూశాం. పన్నెండు మంది పట్టే గది అట! 1964లో ఒక బెల్జియం ఆయన వచ్చి నేర్చుకుని పుస్తకంలో ఈయన గురించి రాశాడు. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు. 1975లో జోయిస్ కాలిఫోర్నియా వెళ్ళారు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆసనాలు సరిచేసే పేరుతో అనుచితంగా తాకేవారని కొందరు శిష్యురాళ్ళు ఆ తర్వాత బయటపెట్టారు. 2019లో ఆయన మనవడు శరత్ జోయిస్ క్షమాపణ చెప్పుకున్నారు. మా అమ్మాయి క్లాసులో ఇప్పుడు ముట్టుకోవచ్చా అని ముందే అడుగుతారట.

మర్నాడు చీకటితో లేచి ఆటోలో గోకులం వెళ్ళాను. ఒక చిన్న శాలలో ముందే ఫోన్ చేసి ఒప్పించుకున్నాను. చూస్తే గేటుకి తాళం. టెన్షన్‌తో అమ్మాయికి ఫోన్ చేశాను. అటు రాత్రి, ఇంకా పడుకోలేదు.

"ఇవాళ అమావాస్య కదమ్మా! అమావాస్య, పౌర్ణమి, శనివారం ప్రాక్టీస్ ఉండదు. పంచాంగం చూసుకోలేదా?"

నేను పంచాంగం తీస్తే చిన్నప్పుడు పగలబడి నవ్విన పిల్ల!

ఆ పూట కొబ్బరిబొండాల బండి దగ్గరే గడిపాను. స్కూటర్ల మీద విదేశీయులు వచ్చి కన్నడంలో బేరమాడుతున్నారు. మరుసటి రోజు తలుపు తెరిచే ఉంది. లోపల పదిహేను మంది దాకా, మాటల్లేవు, ఊపిరి చప్పుడు మాత్రం కొలిమి తిత్తిలా వినిపిస్తోంది. నాకు మా ఊళ్ళో మాస్టారి అరుగు గుర్తొచ్చింది. ఒకే అరుగు మీద ఒకడు ఎక్కాలు, ఒకడు భిన్నాలు, మాస్టారు మధ్యలో తిరుగుతూ ఎవడి పలక దగ్గర ఆగాలో అక్కడ ఆగేవారు. ఒక తెల్లాయన గాల్లో చేతుల మీద లేస్తున్నాడు. పక్కనే నేను, వంగితే వేళ్ళు మోకాళ్ళ దగ్గరే ఆగిపోతున్నాయి. ఎవరూ నావైపు చూడలేదు. ఐదు సూర్యనమస్కారాలయ్యాక టీచర్ వచ్చి "సాకు" అన్నారు. చాలు అని. నాకింకా ఓపిక ఉందన్నాను. "నాళె" అన్నారు, రేపట. రేపు మాకు రైలుంది.

మావారికి ఊరంతా తిరిగినా బజ్జీ దొరకలేదు. ఆ పేరుతో అడిగితే ఎవరికీ అర్థం కాలేదట. దొరికింది మైసూర్ పాక్. అదీ ఆ నాల్వడి రాజుగారి వంటశాలలోనే పుట్టిందని కొట్టువాళ్ళు చెప్పారట, కిలో తెచ్చారు. రైల్లో సంచి పై బెర్తు మీద పెడదామంటే నా చేతులు లేవలేదు.

"ఐదు దండాలకేనా?" అన్నారాయన, నోట్లో ముక్క కరుగుతుండగా.