కదలని కారుకే క్లచ్ గొడవ

మా బాబాయి కారు సముద్రం ఒడ్డున ఉన్న కొత్తపట్నంలో ఇంటి ముందు రేకుల షెడ్డులోనే ఉంటుంది, ఒంగోలు వెళ్లాలంటే అందరూ బస్సో ఆటోనో ఎక్కేస్తారు కాబట్టి దాన్ని బయటికి తీసేవాళ్లు లేరు. కార్తీక మాసం వానలు వెలిశాక స్టార్ట్ చేస్తే ఇంజిన్ బాగానే అందుకుంది, గేరు మాత్రం పడదు, రివర్స్ వేయబోతే గర్రుమని ఒకటే మోత. క్లచ్ సెట్టు మొత్తం మార్చాల్సిందేనని మెకానిక్ తేల్చేశాడు. నేను ఆగమన్నాను.

ముందు చూడాల్సింది పెడల్. తొక్కితే మెత్తగా దిగిపోయి పైకి రాకపోతే లోపం హైడ్రాలిక్ లైన్లో, అంటే పెడల్ తొక్కిన ఒత్తిడిని ఆయిల్‌తో క్లచ్‌కు చేర్చే దారిలో ఉన్నట్టు, సిలిండర్ సీలు దగ్గర ఆయిల్ తడి కనిపిస్తుంది. ఇలాంటి క్లచ్‌లలో ఎక్కువగా వాడేది బ్రేక్ ఆయిలే, అది గాలిలో తేమను పీల్చుకుంటుంది, అందుకే కారు తిరగకపోయినా రెండేళ్లకోసారి మార్చడం మంచిది. బాబాయి కారు పెడల్ గట్టిగానే ఉంది, ఆయిల్ కూడా తగ్గలేదు. అంటే ఉప్పుగాలికి ఇంజిన్‌తో పాటు తిరిగే ఫ్లైవీల్ అనే చక్రం తుప్పు పట్టి, క్లచ్ ప్లేటు దానికి అతుక్కుపోయిందన్నమాట, అందుకే క్లచ్ తొక్కినా అది విడిపోక గేరు పడట్లేదు.

ఇంజిన్ వేడెక్కాక ఆపేసి, ఎదురుగా మనిషి గానీ గోడ గానీ లేని ఖాళీ స్థలంలోకి నెట్టి, రెండో గేరులో పెట్టి, క్లచ్ పూర్తిగా తొక్కిపట్టి స్టార్ట్ చేశాం. కారు కుదుపుతో ముందుకు ఉరికింది. క్లచ్ వదలకుండా యాక్సిలరేటర్ ఇస్తూ తీస్తూ ఉంటే కాసేపటికి టప్పుమని ప్లేటు విడిపోయింది, ఎంత సంతోషమేసిందో! అలా విడిపోకపోతే మాత్రం మొండిగా లాగించొద్దు, గేర్‌బాక్స్ దించి తుప్పు గీకించడమే దారి.