అమ్మతో సింగపూర్: పూటకో పేట

సింగపూర్ చిన్న ఊరే, రెండు రోజుల్లో చుట్టేయొచ్చని ఆఫీసులో అందరూ చెప్పారు. మ్యాప్‌లో చూస్తే నిజమే. ఈ చివర నుంచి ఆ చివరకి దాదాపు 50 కిలోమీటర్లు. మన హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డే 158 కిలోమీటర్లు. కానీ నాతో వచ్చేది మోకాళ్ల నొప్పులున్న అమ్మ. పైగా ఆవిడకి ఇదే మొదటి విదేశీ ప్రయాణం. అందుకే చూడాల్సినవాటి చిట్టా పక్కన పెట్టి, మెట్రో మ్యాప్ ముందేసుకుని కూర్చున్నాను.

మన పాస్‌పోర్టుకి వీసా ముందే తీసుకోవాలి. ఏజెంటు ద్వారా అయిపోయింది. అరైవల్ కార్డు (ఆ దేశంలో దిగేవాళ్లు నింపాల్సిన ఫారం) మాత్రం చేరే తేదీకి మూడు రోజుల లోపు ఆన్‌లైన్‌లో మనమే నింపుకోవచ్చు, పైసా కట్టక్కర్లేదు. డబ్బులు అడిగే సైట్ల జోలికి పోకండి.

నేను బాగా ఆలోచించింది బస గురించే. లిటిల్ ఇండియా స్టేషన్‌లో పర్పుల్ లైన్, బ్లూ లైన్ రెండూ కలుస్తాయి. పర్పుల్ ఎక్కితే నేరుగా చైనాటౌన్, బ్లూ ఎక్కితే ఒకవైపు బొటానిక్ గార్డెన్స్, ఇంకోవైపు మెరీనా బే దగ్గర బేఫ్రంట్. ఎక్కడా రైలు మారే పని లేదు. టికెట్లూ కొననక్కర్లేదు, కాంటాక్ట్‌లెస్ కార్డు గేటు దగ్గర తాకిస్తే చాలు. మనిషికో కార్డు ఉండాలి కాబట్టి అమ్మకి విడిగా ఫారెక్స్ కార్డు తీశాను. ఆ గేటు తెరుచుకున్న ప్రతిసారీ అమ్మ మొహంలో సంతోషం చూడాలి!

హైదరాబాద్ నుంచి నేరుగా విమానం ఉంది, దాదాపు నాలుగున్నర గంటల్లో దిగిపోతాం. గడియారం రెండున్నర గంటలు ముందుకి తిప్పుకోవాలి.

పొద్దున్నే సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ గుడికి వెళ్లాం. స్వామిని చూడగానే అమ్మకి కొత్త ఊరి బెరుకు పోయింది. తర్వాత టెక్కా సెంటర్‌లో దోశలు. కింద ఒకపక్క చేపల, కూరగాయల మార్కెట్, ఇంకోపక్క తిండి స్టాళ్లు, పైన చీరలు, డ్రెస్సుల దుకాణాలు. తిన్నాక ట్రే మనమే తీసుకెళ్లి స్టాండులో పెట్టాలి. 2021 నుంచి అది తప్పనిసరి. మా పక్క టేబుల్ దగ్గర ఒక పెద్దాయన తన ట్రే పెట్టేసి, తిరిగొచ్చి బల్ల మీద పడ్డ నాలుగు మెతుకులు టిష్యూతో తుడిచి వెళ్లాడు. అమ్మ కళ్లార్పకుండా చూసి, మా ట్రే తనే పట్టుకెళ్లింది.

"ఏమే, ఇంత ఊళ్లో ఒక్క హారనూ వినపడదేంటే?" అంది రోడ్డు మీదకొచ్చాక.

మధ్యాహ్నాలు ఏ ప్రోగ్రామూ పెట్టుకోలేదు. అక్కడి ఉక్కపోత మన మే నెల ఎండలా మాడ్చదు గానీ ఒంట్లో శక్తినంతా పీల్చేస్తుంది. వాన ఎప్పుడొస్తుందో తెలియదు, గొడుగు సంచిలోనే ఉండాలి. ఆ టైమ్‌లో అమ్మ హాయిగా పడుకునేది కాబట్టే సాయంత్రాలు దక్కాయి.

గార్డెన్స్ బై ది బేలో సూపర్‌ట్రీల (చెట్ల ఆకారంలో కట్టిన ఎత్తైన కట్టడాలు) లైట్ షో రాత్రి 7:45కి, 8:45కి ఉంటుంది, ఉచితం. కొన్ని చెట్లు 50 మీటర్ల దాకా ఉంటాయి, నిలబడి చూస్తే మెడ పట్టేస్తుంది. దుప్పటి పరుచుకుని ఇద్దరం వెల్లకిలా పడుకున్నాం. పాటకి తగ్గట్టు రంగులు మారుతుంటే అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ట్రిప్ మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన గంట అదే.

చైనాటౌన్‌లో 1827 నాటి మారియమ్మన్ గుడి చూశాం. బొటానిక్ గార్డెన్స్ యునెస్కో వారసత్వ స్థలం, లోపలికి టికెట్ లేదు, ఆర్కిడ్ తోటకి మాత్రం ఉంది. ఆ టికెట్ తప్పకుండా కొనండి.

జూ, సెంతోసా దీవి మా ప్లాన్‌లో పెట్టుకోలేదు. పిల్లలతో వెళ్లేవాళ్లు మాత్రం సెంతోసాకి ఒక రోజు పూర్తిగా ఉంచుకోండి. పర్పుల్ లైన్ చివరి స్టేషన్ హార్బర్‌ఫ్రంట్‌లో దిగితే దీవికి వెళ్లే చిన్న రైలు అక్కడి మాల్‌లోనే ఎక్కొచ్చు.