అమ్మమ్మ రొంటి సంచి

విజయనగరంలో అమ్మమ్మ ట్రంకుపెట్టె సర్దుతుంటే అరచేతిలో ఇమిడే గుడ్డ సంచి ఒకటి బయటపడింది. మూతికి రెండు వైపుల నుంచి లాగే తాడు, ఎర్రదారంతో గొలుసుకుట్టు, లోపల ఇంకా వదలని వక్క వాసన. సిరిమాను ఉత్సవం చూడడానికి వెళ్ళేటప్పుడు ఆమె దాన్ని రొంటిన దోపుకొనేది.

ఇంచుమించు ఇదే పరిమాణంలో, ఇలాంటి తాళ్ళతోనే 16, 17 శతాబ్దాల ఇంగ్లండు సంపన్నులు సంచులు వాడారు. నారబట్ట పోగులు లెక్కపెట్టుకుంటూ పట్టుదారంతో అడుగుబట్ట కనిపించకుండా కుట్టి, దానిపైన బంగారుపూత వెండిరేకును పట్టుపోగుకు చుట్టి చేసిన జరీతో తీగలు, గులాబీలు అల్లేవారు. మన అసలు జరీ తయారీ కూడా అలాంటిదే. వాటిలో సుగంధ మూలికలో, కానుక నాణేలో ఉండేవి. మొదటి ఎలిజబెత్ రాణికి కొత్త సంవత్సరపు కానుకలు ఇలాంటి సంచుల్లోనూ అందాయి. ఆక్స్‌ఫర్డులోని ఆష్మోలియన్ మ్యూజియంలో అచ్చం కప్పలా కుట్టిన సంచి కూడా ఉంది!

అక్కడి 18వ శతాబ్దపు స్త్రీలు పూలు కుట్టిన జేబులను నాడాతో నడుముకు కట్టుకొని, పైన తొడిగిన లంగా చీలికలోంచి చెయ్యి పెట్టి కావలసినవి తీసుకొనేవారు. పైకి కనిపించని జేబుకు అంత సింగారమెందుకని కొందరు అడగవచ్చు గానీ, నాకు ముచ్చటగా తోచేది అదే. 1790ల నాటికి గౌన్లు సన్నబడి, లోపలి జేబు ఉబ్బెత్తుగా కనిపించసాగడంతో సంచి చేతికి వచ్చింది.

అమ్మమ్మ సంచిని తిరగేసి చూశాను. లోపలివైపు ముడులన్నీ చిందరవందరగా ఉన్నాయి. తాడు మాత్రం పాత లంగా నాడా.