రెండు ప్యాకేజీలు, ఒకే ఫైలు: నా అనుభవం

హనుమకొండ చౌరస్తాలో మా బావ డీటీపీ సెంటర్ కంప్యూటర్ డెబియన్ 11 అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచేది. 2023 జూన్‌లో 12 వచ్చింది. ఆ ఏడాది అధిక శ్రావణం కావడంతో ముహూర్తాలు లేక కంప్యూటర్ కాస్త ఖాళీగా దొరికింది.

సిస్టమ్ 12కు సాఫీగానే మారింది. చిక్కంతా ప్రింటర్ దగ్గర. తయారీ కంపెనీ సైటు నుంచి దించుకున్న కొత్త డ్రైవర్‌ను ఎక్కిస్తుంటే డీపీకేజీ (ప్యాకేజీలను, అంటే సాఫ్ట్‌వేర్ మూటలను, ఎక్కించే ప్రోగ్రామ్) మొండికేసింది. ప్రింటింగ్ నడిపే కప్స్ వ్యవస్థ ఫిల్టర్లలో ఒక ఫైలు ఇప్పటికే మరో ప్యాకేజీ సొత్తట, దాని మీద రాయనంది.

“బలవంతంగా ఎక్కించే దారి లేదా?” అన్నాడు బావ.

“ఉంది బావా, కానీ వద్దు.”

ఆ బలవంతపు దారి పేరు ఫోర్స్ ఓవర్‌రైట్. అంటే ఒకే సర్వే నంబరుకు ఇద్దరికి పాస్‌పుస్తకాలివ్వడమే. తగాదా ఈ రోజు కాకపోతే రేపు వస్తుంది.

ఫైలు ఎవరిదో తెలియాలంటే డీపీకేజీకి పెద్దబడి ఎస్ ఇచ్చి ఫైలు దారి రాయాలి. (చిన్నబడి ఎస్ ఇస్తే ప్యాకేజీ స్థితి చెబుతుంది. ఈ తేడా పెట్టినవారికో దండం.) చూస్తే, అది అదే కంపెనీ పాత డ్రైవర్! ప్యాకేజీ పేరు మార్చారు కానీ, ప్యాకేజీ వివరాలుండే కంట్రోల్ ఫైలులో రీప్లేసెస్ (పాతదాని ఫైళ్ల మీద రాయవచ్చు), బ్రేక్స్ (పాతదానితో కలిసి ఉండదు) అనే వరుసలు రాయలేదు. అవి ఉంటే ఫైలు దానంతటదే కొత్త ప్యాకేజీ పేరు మీదికి మారేది. డెబియన్ సొంత ప్యాకేజీలలో ఈ శ్రద్ధ కనిపిస్తుంది. ఎగ్జిమ్ అనే మెయిల్ సర్వర్ ఉన్నచోట పోస్ట్‌ఫిక్స్ అనే మరో మెయిల్ సర్వర్ అడిగితే, మొదటిదాన్ని తీసేస్తానని డెబియన్ ప్యాకేజీ మేనేజర్ ఆప్ట్ ముందే చెబుతుంది.

సరే, పాతదాన్ని తీసేద్దామని ముందు ఆప్ట్‌కు చిన్నబడి ఎస్ ఇచ్చి ఉత్తుత్తిగా నడిపించాను. తొలగించే జాబితాలో స్కానర్ ప్రోగ్రామ్ కూడా కనిపించింది! అది పాత డ్రైవర్ పేరునే పట్టుకుని వేలాడుతోంది. ఆధార్ కార్డుల స్కానింగ్ లేకపోతే బావకు సగం గిరాకీ పోయినట్టే. కొత్త డ్రైవర్‌తో కుదిరే స్కానర్ ప్యాకేజీ అదే సైటులో మరో పేజీలో దొరికింది. దాన్ని దించుకున్నాకే పాత రెండింటినీ తీసేసి, కొత్త రెండింటినీ ఆప్ట్‌కు ఒకే కమాండ్‌లో ఇచ్చాను. ఫైలు పేరుకు ముందు చుక్క, స్లాష్ పెట్టడం తప్పనిసరి, లేకపోతే ఆప్ట్ ఆ పేరును రిపాజిటరీలో (ఆన్‌లైన్ ప్యాకేజీల నిల్వలో) వెతుకుతుంది.

కప్స్‌లో పాత క్యూ (ప్రింట్ పనుల వరుస) అలాగే ఉంది. దానికి కొత్త డ్రైవర్ ఎంచి పెట్టగానే, అంతసేపూ ఆగి ఉన్న గృహప్రవేశం పత్రిక ప్రూఫు బయటికి వచ్చింది.