కొండమీది ఇళ్ల వాటా

"మాది రేకుల ఇల్లు, అదీ అద్దెది. సోలార్ పలకలు ఎక్కడ పెట్టమంటావమ్మా?" గుణదల కొండమీద పిన్నిగారు అడిగారు.

కరెంటు బిల్లు మడతపెట్టి బియ్యం డబ్బా మూత కింద దాచుకున్నారు. ఫ్యాను తిరుగుతూనే ఉంది, వచ్చేది మాత్రం వడగాలే.

ఇంటి కప్పు మీద సోలార్ పలకలు పెట్టుకునేవాళ్ల కోసం కేంద్రం 2024లో తెచ్చిన సూర్యఘర్ పథకంలో 2 కిలోవాట్లకు 60,000 రూపాయల రాయితీ ఉంది. మంచి పథకమే. కానీ సొంత ఇల్లు, పలకలు నిలిచే కప్పు ఉండాలి కదా!

బడి డాబా మీద అందరికీ కలిపి పలకలు పెట్టి, వచ్చిన యూనిట్లను వాటాలవారీగా ఒక్కో ఇంటి బిల్లులో తగ్గించవచ్చు. ఢిల్లీలో 2019 నుంచే ఇందుకు నిబంధనలున్నాయి. బెజవాడ ఎండను అందరికన్నా ఎక్కువగా భరించేది ఈ రేకుల ఇళ్లవాళ్లే. మొదటి వాటా వాళ్లకే దక్కాలి.

సోమవారం వార్డు సచివాలయంలో అర్జీ ఇస్తున్నాం. వీలున్నవాళ్లు రండి.